విచారణ నడిపే న్యాయవాది నోట్‌బుక్‌లో ఏముండాలి?

ప్రశ్న: నేను నాలుగేళ్లుగా జిల్లా కోర్టులో ఒక సీనియరు న్యాయవాది వద్ద పనిచేస్తున్నాను. ఒక స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలో (ఒప్పందం ప్రకారం అమ్మకం జరిపించమని కోరే దావా) వాదిపక్షాన సాక్ష్య విచారణ అంతా నన్నే నడపమని ఆయన అప్పగించారు. 2021లో రాసుకున్న విక్రయ ఒప్పందం, దాని వెనుక పేజీలో గడువు పొడిగిస్తూ ఒక ఎండార్స్‌మెంటు, 2022లో వేసిన దావా, ఇదీ కేసు. ఒప్పందం నిజమేనని, ఎండార్స్‌మెంటు కింద ఉన్న సంతకం మాత్రం తనది కాదని ప్రతివాది అంటున్నారు. వివాదాంశాలు (కోర్టు తేల్చవలసిన ప్రశ్నలు) ఖరారయ్యాయి, వాది చీఫ్ అఫిడవిట్ (సాక్షి తన సాక్ష్యాన్ని రాసి ఇచ్చే ప్రమాణపత్రం) ఇంకా దాఖలు కాలేదు. కట్టలో నాలుగు వందలకు పైగా పేజీలున్నాయి. ఇంతకుముందు వేరొక కేసులో క్రాస్ (ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించడం) మధ్యలో కావలసిన కాగితం చేతికి దొరకక ఆ ప్రశ్నను వాయిదా వేసుకున్నాను, చివరికి అడగనే లేదు. ట్రయల్ నోట్‌బుక్ తయారు చేసుకోమని అందరూ చెబుతారు గాని, అందులో ఏముండాలో, ఏ వరుసలో ఉండాలో ఎవరూ చెప్పలేదు. అన్నీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో ఉంచుకుంటే చాలదా?

— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మీ కట్టలోని కాగితాలు దాఖలైన క్రమంలో ఉన్నాయి. దావా, దాని వెనుక జాబితా, ఆ తరువాత ఇంజంక్షన్ పిటిషను, కౌంటరు, జవాబు దావా, మధ్యలో వాయిదా మెమోలు, ఇలా ఏది ఎప్పుడు వచ్చిందో ఆ వరుసలోనే కుట్టి ఉంటుంది. కోర్టు కార్యాలయానికి ఆ క్రమమే కావాలి. బోనులో ఉన్న సాక్షిని ప్రశ్నిస్తున్న మీకు కావలసింది వేరు: ఈ సంగతిని నేను రుజువు చేయాలి, దానికి ఆధారం ఎక్కడుంది, దానిని ఏ సాక్షి నోట చెప్పించాలి అన్న వరుస. ఈ రెండు క్రమాలకూ పొంతన లేకపోవడం వల్లనే చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు అవుతుంది. కనుక కట్టకే మరొక జిరాక్స్ తీసి రంగురంగుల చీటీలు అంటించినంత మాత్రాన ట్రయల్ నోట్‌బుక్ కాదు. రుజువు చేయవలసిన అంశాల చుట్టూ కేసును మళ్లీ పేర్చుకున్నప్పుడే అది నోట్‌బుక్ అవుతుంది. చాలామంది జూనియర్లు విషయసూచికతో మొదలుపెట్టి, దానిని అందంగా టైపు చేయడంలోనే ఒక ఆదివారం గడిపేస్తారు. సూచిక చివర రాసుకోవలసినది. మొదట రాయవలసినది నిరూపణ పట్టిక.

నిరూపణ పట్టిక అంటే, ఖరారైన ఒక్కొక్క వివాదాంశాన్ని ఒక పేజీ నెత్తిన యథాతథంగా రాసి, ఆ అంశం మీకు అనుకూలంగా తేలాలంటే న్యాయమూర్తి తన తీర్పులో ఏయే వాస్తవాలు రుజువైనట్లు రాయవలసి ఉంటుందో కింద విడివిడిగా రాసుకోవడం. ఒక్కొక్క వాస్తవానికి ఎదురుగా నాలుగు సంగతులు ఉండాలి. దావాలో అది ఏ పేరాలో ఉంది, జవాబు దావాలో దానికి ఇచ్చిన సమాధానం ఏమిటి, దానిని రుజువు చేసే పత్రం ఏది, దానిని చెప్పగల సాక్షి ఎవరు. ఈ నాలుగింటిలో మొదటి గడి ఖాళీగా ఉంటే మీ చేతిలో ఎంత మంచి సాక్ష్యమున్నా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే ప్లీడింగులో, అంటే దావాలోనో జవాబు దావాలోనో, లేని సంగతి మీద సాక్ష్యం ఇచ్చినా కోర్టు దానిని లెక్కలోకి తీసుకోదు. రెండవ గడిని ఎక్కువమంది తేలికగా తీసుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు 5వ రూలు ప్రకారం, దావాలోని ఒక ఆరోపణను ప్రతివాది నిర్దిష్టంగా గాని, సందర్భాన్ని బట్టి తప్పనిసరిగా అర్థమయ్యేలా గాని కాదనకపోతే దానిని ఒప్పుకున్నట్లే భావిస్తారు. ఒప్పుకున్న సంగతిని సాధారణంగా రుజువు చేయనక్కరలేదు. మీ కేసులో ఒప్పందం రాసుకున్న మాట, అడ్వాన్సు ముట్టిన మాట జవాబు దావాలో ఒప్పుకుని ఉంటే, ఆ పేజీలో ఎర్రసిరాతో 'ఒప్పుకున్నది, జవాబు దావా ఫలానా పేరా' అని రాసి, ఆ సంగతి మీద సాక్షి సమయాన్ని వృథా చేయకండి.

మీ దావాకు ఈ పట్టిక ఎలా ఉంటుందో కొంత చూపుతాను. ఎండార్స్‌మెంటు నిజమైనదా అన్న వివాదాంశం కింద కనీసం మూడు వాస్తవాలుంటాయి: ఆ రాత ఫలానా రోజున ప్రతివాది సమక్షంలో రాశారు, ఆయన సంతకం చేశారు, సాక్షి సంతకాలు చేసినవారు అది చూశారు. రాసిన వ్యక్తి, సాక్షి సంతకం చేసిన వ్యక్తి జీవించి ఉన్నారా, వారిలో ఎవరు ముందుకు వస్తారు, నిపుణుడి అభిప్రాయం కోసం పిటిషను వేయాలా, వేస్తే పోలికకు ఒప్పందం తేదీకి దగ్గరగా చేసిన, ప్రతివాది కాదనలేని సంతకాలు ఎక్కడ దొరుకుతాయి అన్న ప్రశ్నలన్నీ ఆ పేజీ రాస్తుండగానే ముందుకు వస్తాయి. వివాదం మొదలయ్యాక వకాల్తా మీద, జవాబు దావా మీద చేసిన సంతకాలు పోలికకు అంత నమ్మదగినవి కావు. అదే కాలంలో బ్యాంకులోనో రిజిస్ట్రారు కార్యాలయంలోనో చేసినవి మేలు. ఈ ఆలోచన క్రాస్ రోజున వస్తే ఆలస్యమైనట్లే, ఇప్పుడు వస్తే పిటిషను వేయడానికి వ్యవధి ఉంది. పట్టిక వల్ల అసలు లాభం ఇదే: ఉన్నదాన్ని సర్దిపెట్టడం కన్నా, లేనిది ఏదో ముందుగా బయటపెట్టడం.

ఇక మీ కేసులో అన్నింటికన్నా బరువైన పేజీ, వాది తన వంతు నెరవేర్చడానికి ఎల్లప్పుడూ సిద్ధంగా, సుముఖంగా ఉన్నాడా అన్నది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షను సి క్లాజు దీనిని వాదే రుజువు చేయాలంటుంది. 2018 సవరణ తరువాత ఆ మాట ప్లీడింగులో చెప్పి తీరాలన్న పదం తొలగింది గాని, రుజువు చేయవలసిన భారం ఎప్పటిలాగే నిలిచి ఉంది. మిగిలిన సొమ్మును కోర్టు ఆదేశిస్తే తప్ప వాది ముందుగా చెల్లించనక్కరలేదని, జమ చేయనక్కరలేదని ఆ సెక్షను వివరణే చెబుతుంది. అయినా ఆ సొమ్ము తెచ్చుకోగల శక్తి గడువు నాటికి ఉన్నదని చూపకపోతే కేసు అక్కడే ఆగిపోతుంది. ఈ పేజీలో 'శక్తి' అని ఒక భాగం, 'సుముఖత' అని ఒక భాగం గీసుకోండి. శక్తి కింద బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, మంజూరైన అప్పు. సుముఖత కింద నోటీసులు, ఫోను సందేశాలు, రిజిస్ట్రేషనుకు రమ్మని పిలిచిన సందర్భాలు, దావా వేయడంలో చూపిన త్వర. తీర్పులు ఈ రెండింటినీ విడివిడిగా చూస్తాయి, మీ పేజీ కూడా అలాగే ఉండాలి.

ఈ పట్టికలు పూర్తయ్యాక నోట్‌బుక్ ఆకారం గురించి ఆలోచించవచ్చు. కుట్టిన పుస్తకం వద్దు. పేజీలు తీసి పెట్టడానికి వీలుండే రింగ్ ఫైలు కావాలి, ఎందుకంటే విచారణ సాగుతున్నంత కాలం పేజీలు చేరుతూనే ఉంటాయి. కాగితానికి ఒకవైపే రాయండి, ఎదుటి పుట ఖాళీగా ఉంచుకుంటే కోర్టులో వచ్చిన జవాబు అక్కడే రాసుకోవచ్చు. అసలు పత్రాలకు ఎట్టి పరిస్థితిలోనూ పంచ్‌తో రంధ్రాలు వేయవద్దు. అవి వేరే కవరులో ఉండాలి, నోట్‌బుక్‌లో వాటి నకళ్లు మాత్రమే.

మొదటి పేజీలో దావా నంబరు, ఈకోర్ట్స్‌లో వెతకడానికి పనికివచ్చే 16 అక్షరాంకాల సి.ఎన్.ఆర్. నంబరు, పక్షాల వివరాలు, వివాదాంశాలు, కోరిన ఉపశమనం ఉంటే చాలు. దానితోపాటు ఈ రోజుల్లో మరొక వాక్యం తప్పనిసరి: ఈ కేసుకు ఏ సాక్ష్య చట్టం వర్తిస్తుందన్నది. భారతీయ సాక్ష్య అధినియమ్ 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. ఆ నాటికి పెండింగులో ఉన్న కేసులను 1872 నాటి పాత చట్టం ప్రకారమే నడపాలని కొత్త చట్టం 170వ సెక్షను చెబుతుంది. మీ దావా 2022 నాటిది కనుక పాత చట్టం సెక్షన్లే మీకు వర్తిస్తాయి. ఎలక్ట్రానిక్ రికార్డుకు మీరు ఇవ్వవలసిన సర్టిఫికెట్టు 65-బి కింద ఉంటుంది. కొత్త కేసుల్లో వాడే 63వ సెక్షను నమూనాను అలవాటు కొద్దీ దింపేస్తే ఎదుటి న్యాయవాదికి ఊరకే ఒక అభ్యంతరాన్ని అందించినవారవుతారు.

తరువాతది కాలక్రమం. ఇందులో మూడే నిలువు గడులు: తేదీ, జరిగింది, ఆధారం. ఆధారం లేని వరుస ఒక్కటి కూడా ఉండకూడదు. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉండవచ్చు: '2-9-2021: ఒప్పందం వెనుక గడువు 11-12-2021 వరకు పొడిగింపు, దావా 5వ పేరా, పత్రం 1 వెనుక పుట, కాదన్నది జవాబు దావా 7వ పేరా.' ఆ వెంటనే వచ్చే వరుసలో 18-1-2022 నాటి లీగల్ నోటీసు, ఆ తరువాత జవాబు నోటీసు, దావా దాఖలైన తేదీ. (ఇవి నమూనా కోసం వేసిన తేదీలు, మీ కట్టలోనివి మీరు వేసుకోండి.) కాలపరిమితి లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్ ప్రకారం, ఒప్పందం నెరవేర్చడానికి తేదీ నిర్ణయించి ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే నెరవేర్చడానికి ప్రతివాది నిరాకరించినట్లు వాదికి తెలిసిన నాటి నుంచి మూడేళ్లు. మీకు కాలపరిమితి బాధ లేదు గాని, తేదీల మధ్య ఎక్కువ ఎడం ఉన్న చోటులన్నీ గుర్తుపెట్టుకోండి. గడువు ముగిశాక నోటీసు ఇచ్చేదాకా వాది ఏమి చేస్తున్నాడని ఎదుటివారు తప్పక అడుగుతారు.

పత్రాల భాగంలో మీవి, ఎదుటివారివి వేర్వేరు పట్టికలుగా ఉండాలి. మన కోర్టుల్లో వాది పత్రాలకు ఎ వరుస, ప్రతివాది పత్రాలకు బి వరుస, మూడవ పక్షం నుంచి వచ్చిన వాటికి ఎక్స్ వరుస అంకెలు వేస్తారని మీకు తెలిసినదే. మార్కింగ్ అయ్యేదాకా ఎ-1, ఎ-2 అని సొంతంగా సిరాతో రాసేయకండి. పెన్సిలుతో రాసి, కోర్టులో అంకె పడ్డాక సరిచేయండి. ఒక్క పత్రం వెనకబడినా మీ క్రాస్ పేజీల్లోని అంకెలన్నీ తప్పిపోతాయి. ప్రతి పత్రానికీ ఎదురుగా అది అసలా, నకలా, సర్టిఫైడ్ కాపీనా, ఎవరి ద్వారా రుజువు చేయాలి, ఎదుటివారు ఏ అభ్యంతరం చెప్పవచ్చు, దానికి మన జవాబేమిటి అన్నది రెండేసి మాటల్లో రాయండి. బ్యాంకు ఖాతా ప్రింటు తీసుకుంటే 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్టు దానికి జత ఉన్నదో లేదో అక్కడే గుర్తు వేయండి.

మీ ఒప్పందం విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అందులో స్థలం స్వాధీనం అప్పగించినట్లు ఎక్కడైనా రాసి ఉందేమో ఈ రోజే చదవండి. తెలుగు రాష్ట్రాలకు వర్తించే స్టాంపు చట్టం 1-ఎ షెడ్యూలు 47-ఎ ఆర్టికల్ వివరణ ప్రకారం, స్వాధీనం అప్పగింతతో కూడిన విక్రయ ఒప్పందానికి విక్రయ దస్తావేజుకు పడే సుంకమే పడుతుంది. అది చెల్లించి ఉండకపోతే, లోటు సుంకం, జరిమానా కట్టేదాకా 35వ సెక్షను ఆ పత్రాన్ని సాక్ష్యంలోకి రానివ్వదు. ఈ సంగతి చీఫ్ రోజున ఎదుటి న్యాయవాది నోట వినడం కన్నా ముందే తెలుసుకుని కట్టించుకోవడం మంచిది.

ఎదుటివారి పత్రాలకు మీరు చెప్పే అభ్యంతరాలను కూడా ముందే రాసి ఉంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడ సమయమే ముఖ్యం. పత్రాన్ని రుజువు చేసే పద్ధతి సరిగా లేదన్న అభ్యంతరాన్ని, ఉదాహరణకు అసలు ఉండగా జిరాక్స్ తెచ్చారన్న దానిని, ఆ పత్రం మార్కు చేస్తున్నప్పుడే చెప్పాలని, తరువాత చెబితే చెల్లదని 2003లో వేంకటాచల గౌండర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001 నాటి బిపిన్ శాంతిలాల్ పంచాల్ తీర్పు అభ్యంతరాలను నమోదు చేసుకుని చివర తేల్చవచ్చని చెబుతూనే, స్టాంపు సుంకం లోటు మీద అభ్యంతరాన్ని మాత్రం అప్పుడే తేల్చాలని మినహాయించింది. ఒకసారి పత్రం సాక్ష్యంలోకి వచ్చేశాక సుంకం మాట ఎత్తడానికి స్టాంపు చట్టం 36వ సెక్షను అడ్డు వస్తుంది. కనుక బి వరుసలో రాగల ఒక్కొక్క పత్రానికి మీరు లేచి చెప్పవలసిన ఒక్క వాక్యం రాసి ఉంచండి. ఆ క్షణంలో వాక్యం కట్టుకునే తీరిక ఉండదు.

సాక్షుల భాగంలో ఒక్కొక్కరికి ఒక విభాగం. వాదిని సాక్షిగా విచారించేటట్లయితే, కోర్టు కారణాలు రాసి అనుమతిస్తే తప్ప, 18వ ఆర్డరు 3-ఎ రూలు ప్రకారం మిగతా సాక్షులకన్నా ముందు ఆయనే బోనెక్కాలి. చీఫ్ అఫిడవిట్‌ను నిరూపణ పట్టిక పక్కన పెట్టుకుని రాయండి. పట్టికలో ఆ సాక్షి పేరున్న ప్రతి వాస్తవం అఫిడవిట్‌లో ఒక పేరాగా ఉండాలి, దావాను మక్కికి మక్కి ఎత్తి రాస్తే సరిపోదు. ప్రతి సాక్షి విభాగంలోనూ ఆ వ్యక్తి అంతకుముందు ఎక్కడెక్కడ ఏమి చెప్పాడో ఆ కాగితాలన్నీ చేరాలి. ఇందులో ఎక్కువగా మరుగున పడేవి మధ్యంతర పిటిషన్లలో వేసిన అఫిడవిట్లు. దావా వేసిన తొలిరోజుల్లో, హడావుడిలో, ఇంజంక్షను కోసం వాది సంతకం చేసిన అఫిడవిట్‌లో చెల్లించిన సొమ్ము గురించి గాని, గడువు గురించి గాని ఒక అంకె తేడా ఉంటే, ఎదుటి న్యాయవాది మొదట వెతికేది అక్కడే. మీరు కూడా ప్రతివాది కౌంటరును అదే దృష్టితో చదవండి.

వాదిని బోనెక్కించే ముందు మరొక ప్రశ్న అడిగి, జవాబు రాసుకోండి: ఇంతవరకు మనకు చూపని కాగితం, సందేశం, రసీదు ఏదైనా ఎదుటివారి దగ్గర ఉండే అవకాశముందా? క్రాస్‌లో చూపడానికి ఉద్దేశించిన పత్రాలను ముందుగా దాఖలు చేయాలన్న నిబంధన వర్తించదు, ఆ సాక్షి స్వయంగా దావాలో పక్షమైనా సరే అలా నేరుగా చూపవచ్చునని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ వెసులుబాటు మీకూ ఉంది, వారికీ ఉంది.

ఇక మీరు తడబడిన చోటు, క్రాస్. చాలామంది ప్రశ్నలను ఒకటి నుంచి ఎనభై దాకా వరుసగా రాసుకుంటారు; సాక్షి మూడో ప్రశ్నకే అనుకోని జవాబు ఇస్తే ఆ వరుస చెదిరి, తరువాత ఎక్కడున్నామో తెలియదు. ప్రశ్నల జాబితాకు బదులు ఒక సంగతికి ఒక పేజీ పెట్టుకోండి. పేజీ నెత్తిన ఆ సంగతి, కింద అది బయటికి రావడానికి కావలసిన చిన్న చిన్న వాక్యాలు, ఒక్కొక్క వాక్యం పక్కన సాక్షి కాదంటే చూపవలసిన కాగితం, పేరా. ఆ కాగితం నకలు అదే పేజీ వెనుక ప్లాస్టిక్ కవరులో ఉండాలి, వేరే భాగంలో కాదు. ప్రతివాది, అంటే డి.డబ్ల్యూ.1, కోసం మీరు రాసుకోగల ఒక పేజీ ఇలా ఉంటుంది:

సంగతి: జవాబు నోటీసులో ఫోర్జరీ మాట లేదు.
18-1-2022 నాటి మా నోటీసు మీకు అందింది. (ఎ-2, రసీదు ఎ-3)
అది చదివి మీ న్యాయవాదికి ఇచ్చారు.
మీరు చెప్పిన వివరాలతోనే ఆయన జవాబు పంపారు. (ఎ-4)
నోటీసు 4వ పేరాలో గడువు పొడిగింపు రాత గురించి ఉంది. (చూపించాలి)
జవాబు నోటీసులో ఆ సంతకం మీది కాదని ఎక్కడా లేదు. (చూపించాలి, చదివించాలి)
ఆపాలి.

చివరి పదం నేను ఊరికే రాయలేదు. 'మరి అప్పుడెందుకు చెప్పలేదు?' అని అడగాలని నాలుక దురద పెడుతుంది. అడిగితే సాక్షికి మీరే ఒక వివరణ ఇచ్చే అవకాశం కల్పించినట్లు. ఆ ప్రశ్నను న్యాయమూర్తి మనసులో మీరు వాదనల నాడు లేవనెత్తుతారు. అలాగే, వెనుకటి రాతను చూపి సాక్షి మాటను ఖండించదలచినప్పుడు, పాత చట్టం 145వ సెక్షను ప్రకారం ఆ రాతలోని ఏ భాగంతో ఖండిస్తున్నారో ఆ భాగాన్ని సాక్షి దృష్టికి తేవాలి. అందుకే పేజీ మీద పేరా నంబరు, 'చూపించాలి' అన్న గుర్తు. క్రాస్ విభాగం చివరి పేజీని సజెషన్లకు, అంటే 'ఇదే నిజం కదా' అని సాక్షి ముందుంచే మాటలకు, కేటాయించండి. మీ వాదనలోని ప్రతి ముఖ్యాంశాన్నీ ఎదుటి సాక్షికి సూచనగా పెట్టి ఉండాలి. పెట్టకపోతే ఆ సాక్ష్యాన్ని మీరు ప్రశ్నించలేదనే వాదన వస్తుంది. అడిగిన వెంటనే ఒక గీటు కొట్టండి, గీటు పడని వరుస మిగిలి ఉండగా 'నో ఫర్దర్ క్వశ్చన్స్' అనకండి. మీరు వెనుకటి కేసులో పోగొట్టుకున్న ప్రశ్నకు ఈ గీట్ల పేజీ ఒక్కటే సరైన మందు.

మన కోర్టుల్లో విచారణ ఒక్క విడతలో పూర్తి కాదు. చీఫ్ ఒక నెల, క్రాస్ సగం మరొక నెల, మిగిలిన సగం సెలవుల తరువాత. ఈ ఎడం వల్ల మనకు కావలసిన విభాగం ఒకటుంది: వాయిదాల పుట. ఏ తేదీన ఏమి జరిగింది, డాకెట్‌లో (కేసు గురించి కోర్టు రాసుకునే రోజువారీ నమోదులో) ఏ ఆర్డరు పడింది, ఏ ప్రశ్న దగ్గర ఆగాము, తరువాతి వాయిదాకు ఏమి చేయాలి అన్నది అదే రోజు సాయంత్రం రాయాలి. సాక్షి జవాబుల్లో మీకు పనికివచ్చే వాక్యాలను నిరూపణ పట్టికలోకి కూడా ఎక్కించాలి. డిపాజిషను (కోర్టు నమోదు చేసిన సాక్షి వాంగ్మూలం) సర్టిఫైడ్ కాపీ వచ్చాక దాని పేజీ నంబరు పక్కన చేర్చండి. ఇలా చేస్తే వాదనల నాటికి వాదనలు వేరుగా రాయనక్కరలేదు. పట్టికను పైనుంచి కిందికి చదివితే అవే వాదనలు, లిఖితపూర్వక వాదనలు దాఖలు చేయమన్నా అదే ముసాయిదా.

తీర్పుల విభాగం గురించి ఎక్కువ చెప్పను. ఒక్కొక్క వివాదాంశానికి ఒకటి రెండు చాలు, పనికివచ్చే పేరాకు గీత గీసి, కోర్టుకు ఒక నకలు, ఎదుటివారికి ఒక నకలు. మీకు వ్యతిరేకంగా ఉన్న తీర్పు ఒకటి తప్పక ఉంచుకుని, దానిలోని వాస్తవాలకూ మన వాస్తవాలకూ ఉన్న తేడాను రెండు వాక్యాల్లో రాసుకోండి.

ల్యాప్‌టాప్ సంగతి. వెతకడానికి అది సాటిలేనిది, కట్ట అంతా అందులో స్కాన్ చేసి ఉంచుకోండి, ఫైళ్లకు కాలక్రమంలోని తేదీలతోనే పేర్లు పెట్టండి. కాని నిలబడి క్రాస్ చేస్తూ, సాక్షి ముఖం నుంచి దృష్టి మరల్చకుండా, పేజీ తిప్పి కాగితం బయటికి తీసి చూపించే పనికి ఇప్పటికీ ఫైలే మేలని నా అభిప్రాయం. ఎలాగూ సాక్షి చేతికి ఇవ్వవలసింది కాగితమే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: నోట్‌బుక్‌ను భోజన విరామంలో బల్ల మీద వదలకండి, అందులోని పేజీని మీ సాక్షి చేతికి జ్ఞాపకం కోసం ఇవ్వకండి. జ్ఞాపకం తెచ్చుకోవడానికి సాక్షి చూసిన రాతను, ఎదుటిపక్షం కోరితే చూపించాలని, దాని మీద క్రాస్ చేయవచ్చని పాత చట్టం 161వ సెక్షను చెబుతుంది.

మీ ఉత్తరంతో పంపిన పత్రాల జాబితాలో బ్యాంకు ఖాతా వివరాలు ఏవీ కనిపించలేదు. ఒప్పందం, నోటీసులు, రసీదులు ఉన్నాయి. గడువు నాటికి మిగిలిన సొమ్ము వాది దగ్గర ఉన్నదని చూపే కాగితం ఒక్కటి కూడా లేదు. చీఫ్ అఫిడవిట్ వేయకముందే ఆయనను పిలిపించి, 2021 సెప్టెంబరు నుంచి దావా వేసిన నాటి వరకు ఖాతా స్టేట్‌మెంట్లు సర్టిఫికెట్టుతో సహా తెప్పించండి. దావాతో దాఖలు కాని పత్రాన్ని కోర్టు అనుమతి లేకుండా సాక్ష్యంలో తీసుకోరు కనుక 7వ ఆర్డరు 14(3) కింద పిటిషను వేసి, ఇంత ఆలస్యంగా ఎందుకు తెస్తున్నారో అఫిడవిట్‌లో సూటిగా చెప్పండి. పి.డబ్ల్యూ.1, అంటే వాది, క్రాస్ పూర్తయ్యాక ఇదే పిటిషను వేస్తే, లోటు కప్పిపుచ్చుకోవడానికే తెచ్చారన్న అభ్యంతరానికి మీ దగ్గర జవాబు ఉండదు.